ఆగస్టస్ తల మ్యూజియం ప్రతిమతో ఎందుకు కలవడం లేదు?

మొదటి రోమన్ చక్రవర్తి ఆగస్టస్‌దని చెప్పే ఒక పాలరాతి తల ఫొటో పంపి, అది వాటికన్ మ్యూజియంలోని ‘ప్రీమా పోర్తా ఆగస్టస్’ అనే ప్రసిద్ధ విగ్రహంతో ఎందుకు కలవడం లేదని అడిగారు. ఆ తల 16వ శతాబ్దంలోనో ఆ తరువాతో ఐరోపాలో చెక్కినది కావడమే కారణమై ఉండవచ్చు.

1. ముక్కును పోల్చకండి, పురాతన శిల్పాలలో అది తరచుగా తరువాత అతికించినదే.

2. నుదుటి మీది జుట్టు పాయలను ఒక్కొక్కటిగా చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆగస్టస్ ముఖ్య నమూనాలో నుదుటి నడుమ పాయలు రెండుగా చీలి, పక్కన పట్టకారులా ఎదురెదురుగా వంగుతాయి. శిల్పులు ముఖాన్ని ఎంత మార్చినా ఈ అమరికను సాధారణంగా నిలుపుకున్నారు.

3. కనుపాపలు ఉలితో చెక్కి ఉన్నాయా? రోమన్ పాలరాతి ప్రతిమలలో ఆ పద్ధతి హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 130లో, వ్యాపించింది. అంతకుముందు వాటిని రంగుతో వేసేవారు.

పాయలు కలవక, కనుపాపలు చెక్కి ఉంటే, పన్నెండుగురు సీజర్ల (జూలియస్ సీజర్, తొలి పదకొండుగురు రోమన్ చక్రవర్తులు) ప్రతిమలను వరుసగా చేయించుకునే తరువాతి కాలపు సెట్లలో ఒకటిగా వెతకండి. ఆ మోజు ఎంతటిదంటే, ఇటలీలోని మాంటువా పాలకుడి కోసం ప్రసిద్ధ చిత్రకారుడు టిషియన్ స్వయంగా వారిలో పదకొండుగురిని చిత్రించాడు.