కిట్ లెన్స్‌తో వెనక లైట్లు బంతుల్లా రావాలంటే

కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌తో రాత్రిపూట తీస్తుంటే వెనక లైట్లు మెత్తగా, గుండ్రంగా రావట్లేదు, 50 ఎంఎం లెన్స్ కొనాల్సిందేనా అని అడిగారు. కొంటే మంచిదే, కానీ ముందు ఉన్నదాంతో ఒక సాయంత్రం కూర్చోండి.

నేనూ ఇక్కడే ఇరుక్కున్నాను. బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ మేడ మీద నుంచి రింగ్ రోడ్డు కనబడేది. ఒకవైపు ఎర్రటి బ్రేక్ లైట్లు, ఇంకోవైపు తెల్లటి హెడ్‌లైట్లు. రూమ్మేట్‌ని నిలబెట్టి ఎన్ని తీసినా వెనక ఆవాలు చల్లినట్టే ఉండేది. ఎఫ్ నంబర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) ఎంత చిన్నదైతే బొకే, అంటే వెనక వచ్చే మెత్తటి మసక, అంత బాగా వస్తుందని ఎవరో చెప్పారు. 55కి జూమ్ చేస్తే అది 5.6 అయిపోతుందని, 18 దగ్గరే ఆగి 3.5లో తీసేవాణ్ణి.

తప్పంతా అదే. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే జూమ్ మీద కనబడే ఆ 18, 55 అంకెని, ఎఫ్ నంబర్‌తో భాగిస్తే లెన్స్ ఎంత వెడల్పు తెరుచుకుందో తెలుస్తుంది. 18ని 3.5తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు. 55ని 5.6తో భాగిస్తే దాదాపు 10. అంటే నంబర్ పెరిగినా రంధ్రం రెట్టింపైంది. 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 1.8లో పెడితే 28 వస్తుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. బాగా దూరాన ఉన్న లైటు, మనం ఫోకస్ చేసిన వస్తువు పక్కన ఇంచుమించు ఆ రంధ్రమంత వెడల్పు బిళ్ళలా పడుతుంది. కిట్ లెన్స్‌తో చొక్కా గుండీ అంత, 50తో పది రూపాయల బిళ్ళంత. నిలువెత్తు మనిషి ఫొటోలో గుండీ ఏం కనబడుతుంది? ఫ్రేమ్ నిండా కాఫీ గ్లాసు ఉంటే మాత్రం దాని పక్కన గుండీ కూడా పెద్దదే.

అందుకని రూమ్మేట్‌ని తప్పించి పిట్టగోడ మీద స్టీలు గ్లాసు పెట్టాను. "నా మొహం కన్నా గ్లాసు నయమా రా" అని వాడు రెండు రోజులు అలిగాడు. జూమ్ 55లో, లెన్స్ ఫోకస్ చేయగలిగినంత దగ్గరికి వెళ్ళి తీశాను. వెనక ట్రాఫిక్ మొత్తం ఎర్ర, తెల్ల బంతులైపోయింది. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్నప్పుడు కూడా నాకిప్పుడు అంత కోపం రాదు.

ఆటోలో పెట్టకండి. చీకటి చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, రంగు బంతులన్నీ తెల్లగా పాలిపోతాయి. మాన్యువల్‌లో పెట్టి, లైట్ల రంగు నిలిచేదాకా వెలుతురు తగ్గించండి. ముందున్న వస్తువు నల్లబడితే ఫోన్ టార్చికి చేతిరుమాలు కప్పి పక్క నుంచి పట్టండి.

మనిషినే తీయాలంటే మొహం వరకే తీయండి. భుజాల కిందకి వెళ్తే మళ్ళీ ఆవాలే. నడుము దాకా కావాలంటే మాత్రం, అప్పుడు 50 కొనండి.