గీతలు పడ్డ పాత ప్రింటు లుక్ కొందరికి ఎందుకు నచ్చదు?

ప్రశ్న: అమలాపురంలో ‘గ్రైండ్‌హౌస్’ తరహా షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. ఇలాంటివంటే కొందరు పడిచస్తారు, కొందరు మండిపడతారు. ఎందుకని?

గ్రైండ్‌హౌస్‌లంటే ఒకప్పుడు అమెరికాలో చవక సినిమాలు ఆడించిన హాళ్లు. ఆ అసలు సినిమాల్లో లోపాలు డబ్బు లేక వచ్చినవి. ఇప్పుడు వాటినే డబ్బు పెట్టి తెస్తున్నారు. గొడవంతా అక్కడే. 2007 నాటి హాలీవుడ్ ‘గ్రైండ్‌హౌస్’ అంటే రెండు సినిమాలు, మధ్యలో ఉత్తుత్తి ట్రైలర్లు, మొత్తం మూడు గంటల పైనే. అందులో ‘ప్లానెట్ టెర్రర్’ని డిజిటల్‌లో తీసి, గీతలు తర్వాత కలిపారు. ఆనాటి హాలు వాతావరణం కోరేవారికి అది పండగే. కానీ పాత సినిమా తనను తాను నిజంగా నమ్మింది, కొత్తది ప్రేక్షకుడికి కన్నుకొడుతుంది అనే వాదనలో చాలా బలముంది. అందుకే మీ నటులను సీరియస్‌గానే చేయమనండి.

ఇక గీతల సంగతి. ప్రొజెక్టర్ గేటులో, అంటే ఫిల్ము మీద వెలుగు పడే చోట, దుమ్ము ఇరుక్కుంటే నిలువు గీత ఒకేచోట చాలాసేపు సాగుతుంది, అడ్డదిడ్డంగా గెంతదు. చేతులు ఎక్కువగా పడేది రీలు మొదట్లో, చివర్లో కాబట్టి అరుగుదలా అక్కడే ఎక్కువ. 2000 అడుగుల 35 ఎంఎం రీలు సుమారు 22 నిమిషాలు నడుస్తుంది. మీ పది నిమిషాల ఫిల్ము అందులో సగం కూడా కాదు కాబట్టి మొదట్లోనో చివర్లోనో గీతలు వేస్తే చాలు, నడుమ శుభ్రంగా వదిలేయండి.

తెగిన ఫిల్మును అతికించిన అతుకు దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. 35 ఎంఎం ఫిల్ములో శబ్దం బొమ్మకంటే 20 ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది. అతుకు ముందు గేటు దాటి, తర్వాత శబ్దాన్ని చదివే సౌండ్ హెడ్‌కు చేరుతుంది. కాబట్టి బొమ్మ ఎగిరాక, సెకను లోపు ‘టప్’ వినిపించాలి. రెండూ ఒకేసారి పెడితే, అరిగిన ప్రింట్లు చూసిన కోనసీమ సి సెంటర్ ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు.