సాల్వియా పెంచేదానికి అమ్మణ్ణికి పెద్దమ్మ రాసిన ఉత్తరం

నెల్లూరు,
ఆగస్టు 20

చి. సౌ. అమ్మణ్ణికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. జనవరిలో కొన్న ఎర్ర సాల్వియాలు మార్చి దాటకుండానే మాడిపోయాయనీ, నీళ్లు పోయడంలో ఏదో తప్పు చేశానేమోననీ రాశావు. నీ తప్పేం లేదమ్మా. ఒంగోలు ఎండలో ఆ రకం ఆయుష్షే అంత. సాల్వియా అన్న ఒక్క పేరు మీద నర్సరీల్లో మూడు వేరు వేరు మొక్కలు అమ్ముతారు. ఏది కొన్నామో తెలియకపోతే ఎంత సేవ చేసినా ఫలితం ఉండదు. ముందు ఆ మూడింటినీ గుర్తుపట్టడం నేర్చుకో.

నువ్వు కొన్నది సాల్వియా స్ప్లెండెన్స్, బ్రెజిల్ నుంచి వచ్చిన మొక్క. అడుగు ఎత్తు, వెడల్పాటి ఆకు, ఒత్తుగా పూసిన కంకి. దీనికి పువ్వుతోపాటు పువ్వు అడుగునుండే తొడుగు కూడా నిప్పులాగా ఎర్రగా ఉంటుంది. అందుకే పూరేకులు రాలిపోయినా కంకి ఇంకొన్నాళ్లు రంగు విడవదు. రెండోది కాక్సీనియా. రెండు మూడడుగులు పెరుగుతుంది. పూలు కంకి మీద అంచెలంచెలుగా వస్తాయి, అంచెకూ అంచెకూ మధ్య కాడ కనిపిస్తుంది. ఎరుపు, గులాబీ, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. మూడోది నీలం పూల ఫారినేషియా. ఆకు సన్నగా ఉంటుంది, కంకి కాడ మీదా తొడుగుల మీదా పిండి అద్దినట్టు తెల్లటి నూగు ఉంటుంది. లాటిన్‌లో ఫారినా అంటే పిండి, పేరు అట్లా వచ్చిందే. దాన్ని బూడిద తెగులు అనుకొని మందు కొట్టొద్దు. తెగులైతే ఆకుల మీద మచ్చలు మచ్చలుగా మొదలవుతుంది, ఈ నూగు మాత్రం కంకి అంతా ఒకే తీరున ఉంటుంది. ఈ నీలం సాల్వియానే లావెండర్ అని చెప్పి రెట్టింపు ధరకు అంటగట్టేవాళ్లున్నారు. ఆకు నలిపి వాసన చూడు, లావెండర్ అయితే ఘాటు చేతికి అంటుకుంటుంది.

మీ ఊరికి నిలిచేవి కాక్సీనియా, ఫారినేషియా. పెరటికి ఇవే మూలం అనుకో. స్ప్లెండెన్స్‌ను సంక్రాంతి ముంగిట్లో రంగు కోసం కొన్ని కుండీల్లో పెట్టుకో, మార్చిలో తీసేస్తామని ముందే అనుకొని పెట్టుకో. బెంగళూరులో ఊదారంగు మఖమల్ కంకులతో కనిపించే పెద్ద పొదలు ల్యూకాంథా రకం. చల్లటి ఎత్తు ప్రదేశాలకు తగిన మొక్క. మన కోస్తా ఉక్కలో దాని మీద డబ్బు పెట్టొద్దు.

ఇంక కాలం సంగతి. గింజల ప్యాకెట్ల మీదా తోటపని పుస్తకాల్లోనూ వానలు వెనకబట్టాక విత్తమని ఉంటుంది. అది నైరుతి వానలతో తడిసే ఊళ్ల లెక్క. మన నెల్లూరు, ఒంగోలు వైపు అసలు వాన అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడుతుంది, మధ్యలో తుపాన్లు. ఆ లెక్కన అక్టోబరులో ఆరుబయట పోసిన నారు ఒక్క ముసురుకు కుళ్లిపోతుంది. మన లెక్క వేరే పెట్టుకోవాలి. కాక్సీనియా, ఫారినేషియా గింజలు సెప్టెంబరు మొదటి పది రోజుల్లో వరండాలో ట్రేలలో విత్తు. స్ప్లెండెన్స్ అక్టోబరు మొదటి వారంలో చాలు, వేడి కొంచెం తగ్గాలి దానికి. వానలు ముదిరేసరికి మొక్కలు చిన్న కవర్లలోకి మారి చూరు కింద ఉండాలి. జడివానలు తగ్గినాక, నవంబరు చివరో డిసెంబరు మొదలో, నేలలోకి దించు.

విత్తేదానికి జల్లించిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు కలిపి ముందే తడుపు. గింజల్ని మాత్రం నానబెట్టొద్దు. సాల్వియా తులసి కుటుంబంలోది, గింజకు తడి తగిలితే సబ్జా గింజకు పట్టినట్టు జిగురు పట్టి అన్నీ ముద్ద కడతాయి. పొడి గింజల్నే ఒక్కొక్కటిగా వేలెడు దూరంలో పెట్టు. స్ప్లెండెన్స్ మొలవాలంటే వెలుతురు తగలాలి, దాన్ని పైపైన అద్ది వదిలెయ్. మిగతా రెండింటి మీద కూరలో ఉప్పు చల్లినంత పలచగా మట్టి చల్లు. నీళ్లు పై నుంచి పోయకుండా ట్రేను పళ్లెంలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వు. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. స్ప్లెండెన్స్ గింజ ఏడాది దాటితే సత్తువ బాగా తగ్గిపోతుంది, ప్యాక్ చేసిన తేదీ చూడకుండా కొనొద్దు.

మొలకలు మొదలు దగ్గర సన్నబడి పక్కకు ఒరిగితే అది నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి ఆడక వస్తుంది. ఒరిగినవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేసి, లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి మిగతా ట్రే అంతా తడుపు. ముందు జాగ్రత్తగా మట్టిలో ట్రైకోడెర్మా (కుళ్లును అడ్డుకునే మేలు చేసే బూజు) కలిపి ఉంటే మాత్రం రాగి మందు చివరి దారిగా పెట్టుకో, అది ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీస్తుంది.

నాలుగు జతల ఆకులు వచ్చినాక పై కొన తుంచు. మనసొప్పదు కానీ తుంచకపోతే కాక్సీనియా ఒంటికాడగా పెరిగి గాలికి పడిపోతుంది. పొట్టి స్ప్లెండెన్స్ రకాలు వాటంతట అవే కొమ్మలేస్తాయి, వాటిని తుంచక్కర్లేదు.

మీ పెరడు నల్లరేగడి అన్నావు. అందులో నేరుగా నాటితే వానకు వేళ్లు ఊపిరాడక చస్తాయి. జానెడు ఎత్తున మడి కట్టు. చదరపు మీటరుకు బాగా చివికిన పశువుల ఎరువు 5 కిలోలు, రెండు తట్టల ఏటి ఇసుక కలుపు. కొత్తపట్నం దగ్గరే కదా అని సముద్రపు ఇసుక తెప్పించేవు, అందులో ఉప్పుంటుంది. ఫారినేషియాకు అడుగు ఎడం, కాక్సీనియాకు అడుగున్నర. కుండీ అయితే ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, ఎరువు ఒకటి, గుప్పెడు వేపపిండి. 8 అంగుళాల కుండీకి ఒక మొక్క, 12 అంగుళాలదైతే మూడు స్ప్లెండెన్స్. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ వట్టి కోకోపీట్ ముద్ద ఉంటే సగం విదిలించి నాటు. ఆ ముద్ద ఒక్కసారి ఎండిపోయిందంటే మళ్లీ నీళ్లు పీల్చుకోదు, చుట్టూ మట్టి తడిగానే ఉన్నా మొక్క వాడిపోతుంది.

అన్నిటికంటే నాకు బెంగగా ఉన్నది మీ బోరు నీళ్లు. ఉప్పు తగిలిందంటే సాల్వియా దాచుకోదు. ముదురాకుల అంచులు గోధుమరంగుకు మాడతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. దాన్ని నీళ్లు చాలక అనుకొని ఇంకాస్త ఉప్పునీళ్లు పోస్తారు, మొక్క ఇంకా పాడవుతుంది. వాన నీళ్లు డ్రమ్ముకు పట్టుకో. లేకపోతే మునిసిపల్ కుళాయి నీళ్లు వారానికి ఒకసారైనా, కుండీ పట్టేంతకు రెండింతలు నిదానంగా పోసి కింద రంధ్రం నుంచి పారిపోనివ్వు. పళ్లెంలో చేరిన నీళ్లు వెంటనే పారబొయ్. అంచు మాడడం కాకుండా లేతాకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే అది ఇనుము అందకపోవడం. సున్నం ఎక్కువున్న నేలలో, నీళ్లలో అట్లా అవుతుంది. వేరుశనగ రైతులు లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. సాల్వియా లేతాకుకు అందులో సగం మోతాదు చాలు. సాయంత్రం కొట్టు, వారం ఆగి ఇంకోసారి.

ఎరువు మీద ఆశ పెంచుకోవద్దు. యూరియా వేస్తే ఆకు బలిసి పువ్వు తగ్గుతుంది. మొగ్గ తొడిగినప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి లీటరుకు 1 గ్రాము 19-19-19 అనే నీళ్లలో కరిగే ఎరువు కలిపి మొక్క మొదలు దగ్గర పొయ్.

కంకిలో మూడింట రెండొంతులు వాడగానే, కింది ఆకుల జతకు పైన కత్తిరించు. ఆ జత సందుల్లోంచే కొత్త కంకులు వస్తాయి. ఈ పని ఒక్క పక్షం మానేస్తే మొక్క గింజ కట్టే పనిలో పడి పూత ఆపేస్తుంది. కాక్సీనియా కంకులు రెండు మాత్రం వదులు. తొడుగు గోధుమరంగుకు తిరిగినప్పుడు లోపల నాలుగు గింజలుంటాయి, ఎండిన వెంటనే రాలిపోతాయి కాబట్టి కంకికి ముందే పలచటి గుడ్డ కట్టుకో. అన్నీ వదిలేశావంటే పెరడంతా అదే మొలుస్తుంది. హైబ్రిడ్ అని రాసిన ప్యాకెట్ గింజ మాత్రం తల్లి పోలికతో రాదు.

పేనుబంక, తెల్లదోమ కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేటట్టు సాయంత్రం కొట్టు. పువ్వు మీద తేనెటీగ తిరిగే వేళ ఏ మందూ వద్దు. తేనెటీగ లోపలికి తల దూర్చగానే కేసరం మీట లాగా వంగి దాని వీపు మీద పుప్పొడి రాస్తుంది. నీలం సాల్వియా దగ్గర కాసేపు కూర్చొని చూడు అమ్మణ్ణీ. ఎర్రపూలకు తేనెపిట్టలు కూడా వస్తాయి.

మార్చి నుంచి ఎర్రనల్లి మొదలవుతుంది, ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలీడు గూడు లాంటి దారాలు. ఎండ ముదిరినాక గంధకం కొడితే ఆకు మాడిపోతుంది. రోజూ ఉదయం పైపుతో ఆకు అడుగు భాగం కడుగు, అదే మందు. మార్చి నెలాఖరులో కాక్సీనియా, ఫారినేషియా మొక్కల్ని మూడింట ఒక వంతు కత్తిరించి, మొదలు చుట్టూ రెండంగుళాల మందాన ఎండాకు పరిచి, 50 శాతం నీడ వల కట్టు. రోహిణి కార్తెలో పూత లేదని ఎరువు వెయ్యొద్దు, ఆ రోజుల్లో బతికుంటే చాలు. మధ్యాహ్నం వడబడినట్టు కనిపించినా సాయంత్రానికి తేరుకుంటే నీళ్లు చాలినట్టే. జూలైలో ఇంకోసారి పైపైన కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది.

గింజలు ఈ వారంలోనే తెప్పించుకో. ట్రేలో మొలకలు వచ్చినాక ఒక ఫోటో తీసి పంపు, మొదటి ఆకులు చూసి ఏ రకమో చెబుతాను.

మీ పెద్దమ్మ