రెండు కిలోల ఉప్పు ఎక్కడికి పోయింది?

ప్రశ్న: సొంత వరి విత్తనం శ్రీకాకుళం సన్నాలు నారు పోద్దామని, ముందు ఉప్పునీళ్లలో వేసి తేలే తాలు గింజలు తీసేయడానికి 10 లీటర్ల నీళ్లలో 2 కిలోల గళ్లుప్పు కలిపాను. 12 లీటర్లు అవుతుందనుకుంటే 11 కూడా కాలేదు. ఉప్పు కల్తీదా? విత్తనం సగం దాకా తేలిపోయింది, పారబోయాలా?
– ఒక రైతు, ఆమదాలవలస మండలం

జవాబు: ఉప్పును అనుమానించకండి. ఆ నీళ్లను కాటా మీద పెడితే 12 కిలోలూ తూగుతాయి. బరువు కూడుకుంటుంది కానీ కొలత కూడుకోదు. కరిగిన ఉప్పు నీళ్లలోనే సర్దుకుంటుంది కాబట్టి మొత్తం 10.7 లీటర్లకు మించదు. 12ను 10.7తో భాగిస్తే 1.12. పిల్లల సైన్సు పుస్తకంలో సాపేక్ష సాంద్రత అనేది ఇదే, మామూలు నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె.

మీ చిక్కు ఈ అంకెలోనే ఉంది. తాలు వేరు చేయడానికి 1.06 సరిపోతుంది. 1.12లో ఓ మోస్తరు మంచి గింజ కూడా తేలుతుంది. అందుకని ఏదీ పారబోయకండి. ఆ ద్రావణంలోనే ఇంకో 10 లీటర్ల నీళ్లు పోయండి. అప్పుడు బరువు 22 కిలోలు, కొలత సుమారు 20.7 లీటర్లు. భాగించి చూడండి, 1.06 వస్తుంది. తేలిన గింజల్ని మళ్లీ అందులో వేస్తే మంచివి మునుగుతాయి.

గళ్లుప్పులో చెమ్మ ఎంతుందో చెప్పలేం. నౌపడ ఉప్పైనా వానాకాలంలో నీరు పట్టకుండా ఉంటుందా? అందుకే కిలోల లెక్క ఒక్కటే నమ్మొద్దు. ఒక ఖాళీ సీసా తూచి, అంచుదాకా నీళ్లు నింపి తూచండి. సీసా బరువు తీసేస్తే 1010 గ్రాములు వచ్చిందనుకుందాం. అదే సీసాలో ఉప్పునీళ్లు 1070 వస్తే సరిగ్గా ఉన్నట్టే. తక్కువైతే ఉప్పు, ఎక్కువైతే నీళ్లు కలపండి. కోడిగుడ్డు వేసి చూడమంటారు గానీ నాకు దాని మీద అంత నమ్మకం లేదు. తాజా గుడ్డు 1.06లో మునుగుతుంది, నిలవ గుడ్డు తేలిపోవచ్చు.

విత్తనాన్ని కొంచెం కొంచెంగా వేసి, కలియబెట్టి, తేలినవి వెంటనే తీసేయండి. ఉప్పులో నాననివ్వొద్దు. మునిగినవి మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగాకే నానబెట్టి, మొలకెత్తడానికి మూటగా కప్పి ఉంచి మండె కట్టండి, లేకపోతే మొలక దెబ్బతింటుంది. మిగిలిన ఉప్పునీళ్లు మాత్రం నారుమడి వైపు పారనివ్వకండి.

ఇంత చేశాక కూడా సగం తేలితే, ఆ విత్తనం వదిలేసి వేరేది చూసుకోండి. తేలిన గింజలు కడిగి ఆరబెట్టి కోళ్లకు వేసుకోవచ్చు.