పయోగ్లిటాజోన్ గుండెకు మేలా, కీడా?

ప్రశ్న: నా వయసు 58 సంవత్సరాలు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌తో పాటు ఏడాదిగా పయోగ్లిటాజోన్ 15 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నాను. ఇది గుండెకు మంచిదని ఒకరు, చెడ్డదని మరొకరు అంటున్నారు. ఈమధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మాత్ర మానేయాలా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీరు విన్న రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేసేలా చూసే ఈ మందు గుండెపోటు, పక్షవాతం ముప్పును కొంత తగ్గించవచ్చని 2005లో వెలువడిన ప్రోయాక్టివ్ అధ్యయనం సూచించింది. అయితే ఆ అధ్యయనం ముందుగా నిర్దేశించుకున్న ప్రధాన ఫలితంలో స్పష్టమైన తేడా తేలలేదు కనుక, ఈ మేలును నేను అతిగా చెప్పదలచుకోలేదు. అందులోనే గుండె వైఫల్యం (గుండె రక్తాన్ని సరిపడా పంపు చేయలేకపోవడం; ఇది గుండెపోటు కాదు) మాత్రం ఈ మందు వాడినవారిలో ఎక్కువగా కనిపించింది. ఈ మందు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలుపుకునేలా చేస్తుంది. అప్పటికే బలహీనంగా ఉన్న గుండె ఆ అదనపు భారాన్ని మోయలేదు. ఇన్సులిన్ కూడా తీసుకునేవారిలో వాపు మరింత ఎక్కువ. (2010లో మన దేశంలో నిషేధించినది ఇదే తరగతికి చెందిన రోసిగ్లిటాజోన్‌ను, చాలామంది రెండింటినీ ఒకటిగా పొరబడుతుంటారు.)

మీ పాదాల వాపును తేలికగా తీసుకోవద్దు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా వాపు రావచ్చు కనుక మీరు వాడే మందులన్నీ వెంట తీసుకుని, ఈ వారంలోనే మీ వైద్యుణ్ణి కలవండి. ఎకో పరీక్ష అవసరమా, మాత్ర కొనసాగించాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. బరువు హఠాత్తుగా పెరిగినా, మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చినా అదే రోజు చూపించుకోండి. పడుకుంటే ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.