ఏఐ ఏజెంట్ల కోసం డాక్యుమెంటేషన్ రాస్తానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. కోడింగ్ ఫరవాలేదు కానీ ప్లేస్‌మెంట్ టెస్టులంటే టెన్షన్. రాయడం ఇష్టం, క్లాసులో సగం మంది ప్రాజెక్టు రిపోర్టులు తనే రాసిపెడుతుంది. ఏఐ ఏజెంట్లు (చెప్పిన పనికి తగిన టూల్స్‌ని తామే ఎంచుకుని నడిపే ఏఐ ప్రోగ్రాములు) వాడుకునేలా సాఫ్ట్‌వేర్ టూల్స్‌కి డాక్యుమెంటేషన్, అంటే వాడకం వివరణ రాసే ఉద్యోగానికి వెళ్తానంటోంది. "ఆ రాతపనీ ఏఐనే చేసేస్తుంది కదా" అంటున్నాడు మా బావమరిది. విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దీనికోసమే కోర్సు ఉందంటున్నారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. వాళ్ల విద్యార్థి ఎవరైనా ఒక టూల్‌కి రాసిన వివరణ, దాన్ని ఏజెంటుతో పరీక్షించిన లాగ్ (ఏం జరిగిందో నమోదైన చిట్టా) చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ ఫీజు మిగిలినట్టే. దీనికి కావలసిన సరంజామా అంతా నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

మీ బావమరిది గారి మాటలో సగం నిజం ఉంది. కోడ్ చేతికిస్తే ఏఐ పేజీలకు పేజీలు రాసి పడేస్తుంది. కానీ కోడ్‌లో లేని సంగతులు దానికెవరు చెప్పాలి? మీ ఊరి ఉదాహరణే తీసుకుందాం. మిర్చి యార్డు ధరలు చెప్పే చిన్న టూల్ ఒకటి ఉందనుకోండి. పేరు 'గెట్ ప్రైస్', వివరణ 'ధర ఇస్తుంది' అని రెండే ముక్కలు. తేజ రకం ఏప్రిల్ మూడున ఎంత పలికిందని ఒక రైతు ఏజెంటుని అడిగాడు. టూల్ లోపలి కోడ్ మామూలుగా ఏజెంటుకి కనబడదు. దానికి కనబడేవి టూల్ పేరు, వివరణ, ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే పట్టిక, అంతే. '03/04' అని తేదీ పంపితే టూల్ దాన్ని మార్చి నాలుగు అనుకోవచ్చు. వచ్చిన ధర క్వింటాలుకా, కిలోకా, టిక్కీకా (బస్తాకా)? ఆ రోజు యార్డుకి సెలవైతే వచ్చే సున్నాని 'ధర సున్నా' అని రైతుకి చెప్పేస్తే? కమీషన్ కొట్టులో కొత్తగా చేరిన గుమాస్తాకి ఇలాంటి అనుమానం వస్తే షావుకారిని అడుగుతాడు. ఏజెంటు చాలాసార్లు అడగదు, తోచిందేదో ఊహించుకుని ముందుకు పోతుంది.

అదే వివరణ ఇలా రాశారనుకోండి: 'గుంటూరు యార్డులో ఒక రకం మిర్చికి ఒక రోజు పలికిన కనిష్ఠ, గరిష్ఠ ధరలను క్వింటాలుకు రూపాయల్లో ఇస్తుంది. తేదీని 2025-04-03 లాగా సంవత్సరం, నెల, రోజు వరుసలో ఇవ్వాలి. సెలవు రోజైతే ధర రాదు, మార్కెట్ లేదు అని వస్తుంది. రేపటి ధర అంచనాకు వాడకూడదు.' ఆ చివరి వాక్యం ఏ కోడ్‌లోనూ ఉండదు. యార్డు సంగతి, రైతు ఏం అడుగుతాడో తెలిసిన మనిషే రాయాలి. అమ్మాయి నేర్చుకోవలసిన అసలు పని ఇదే.

రిపోర్టులు రాసిన చెయ్యి కాబట్టి ఒక హెచ్చరిక. పేజీలు నింపే అలవాటు ఇక్కడ పనికిరాదు. టూల్స్ వివరణలు మామూలుగా ప్రశ్నతో పాటే మోడల్‌కి, అంటే ఏజెంటు వెనకున్న ఏఐకి వెళ్తాయి. పొడుగు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది, అసలు విషయం మరుగున పడుతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. 'ఎర్రర్ 400' అని ఊరుకుంటే ఏజెంటు అదే తప్పు మళ్లీ చేస్తుంది. 'తేదీ వరుస తప్పు, 2025-04-03 లాగా ఇవ్వండి' అంటే రెండోసారి సర్దుకునే అవకాశం ఉంటుంది. ఇక డబ్బు పంపడం, రికార్డు చెరిపేయడం లాంటి టూల్స్‌కి వివరణలో 'జాగ్రత్త' అని రాస్తే చాలదు. మనిషి సరేనంటేనే నడిచేలా కోడ్‌లోనే అడ్డు పెట్టాలి.

చదవడానికి: ఏపీఐలను, అంటే ఒక సాఫ్ట్‌వేర్ మరో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే మార్గాలను వర్ణించే ఓపెన్‌ఏపీఐ ప్రమాణం (ముందు స్వాగర్ అనేవారు), డేటా ఏ ఆకారంలో ఉండాలో చెప్పే జేసన్ స్కీమా, ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన, టూల్స్‌ని ఏఐకి కలిపే పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఎంసీపీ. పైథాన్, కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ ఎలాగూ ఉండాలి.

చదివి వదిలేయకుండా సెలవుల్లో పైథాన్‌తో రెండు మూడు టూల్స్ ఉన్న ఎంసీపీ సర్వర్ ఒకటి కట్టమనండి. మామూలు జనం అడిగేలా ఇరవై ప్రశ్నలు రాసుకుని ఏజెంటుని అడగాలి. ఏ ప్రశ్నకి ఏ టూల్ పిలిచింది, ఏ విలువలు పంపింది అన్నది లాగ్‌లో చూడాలి. తప్పు పోయిన చోట వివరణలో ఒక్క వాక్యం మార్చి, ఇరవై ప్రశ్నలూ మళ్లీ అడగాలి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది, విసుగు పుడుతుంది. ఆ విసుగు ఓర్చుకోగలదా లేదా అన్నది అప్పుడే తేలిపోతుంది. పాత వివరణ, కొత్త వివరణ, రెండింటి ఫలితాలు కోడ్‌ను నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెడితే నా లెక్కలో ఏ సర్టిఫికెట్టూ దాని ముందు నిలవదు. ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. చిన్న వాక్యాలు, ఒక్కటే అర్థం వచ్చే మాటలు చాలు.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. సరిగ్గా ఈ పేరుతో ఫ్రెషర్లకు ఉద్యోగాలు వెతికితే నిరాశే మిగులుతుంది. టెక్నికల్ రైటర్, ఏపీఐ డెవలపర్, టెస్టింగ్ లాంటి ఉద్యోగాల్లో ఇది ఒక భాగంగా వస్తుంది. టెక్నికల్ రైటర్ పోస్టులకైతే హైదరాబాద్, బెంగళూరు వైపు చూడక తప్పదు. అందుకే కోడింగ్ వదిలేసి రాత ఒక్కటే పట్టుకుంటానంటే నేను ఒప్పుకోను. క్యాంపస్ సెలక్షన్లలో చాలా కంపెనీలకు మొదటి రౌండు ఇప్పటికీ ఆన్‌లైన్ టెస్టే, రాత బాగుందని ఎవరూ మినహాయింపు ఇవ్వరు. రోజూ ఒక గంట ఆ ప్రాక్టీసుకి, మిగతా టైము సర్వర్ పనికి పెట్టుకోమనండి. ఆ రిపోర్టులు ఇకనుంచి ఎవరివి వాళ్లనే రాసుకోమంటే ఆ గంట సులభంగానే దొరుకుతుంది.