కాస్పి జాతి మీద నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

కాస్పియన్ సముద్రం ఒడ్డున ఒకప్పుడు బతికిన కాస్పి జాతి మీద నీ నవల మొదటి అధ్యాయం అందింది. డెబ్బై దాటిన ముసలాయన్ని ఇంట్లోవాళ్లు తిండి పెట్టకుండా చంపుతారు. శవాన్ని ఎడారిలో వదిలి, దూరంగా కూర్చుని చూస్తారు. పక్షులు లాక్కెళ్తే పుణ్యాత్ముడు, కుక్కలు లాక్కెళ్తే అంతంతమాత్రం, ఏదీ ముట్టకపోతే పాపిష్టివాడు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. బాగా రాశావు. నా భయం కూడా అదే.

ఆ సంగతి నీకు గ్రీకు రచయిత స్ట్రాబో దగ్గర దొరికింది. కాస్పి జాతి గురించి మిగిలిన నాలుగు ముక్కల్లో అందరి కంటా ముందు పడేది అదే. ఆయన క్రీస్తుశకం తొలి రోజుల్లో భూగోళశాస్త్ర గ్రంథం రాశాడు, తూర్పున అర్మేనియా దాటి తిరిగినవాడు కాదు. సముద్రానికి ఆ జాతి పేరే వచ్చిందనీ, జాతి మాత్రం ఇప్పుడు కనిపించడం లేదనీ చెప్పింది కూడా ఆయనే. అంటే ఆయన చూడని చోట, ఆయన నాటికే లేని మనుషులన్నమాట. ఇంకో తమాషా ఉంది. కాస్పియన్‌ని ఆయన ఉత్తర మహాసముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం అనుకున్నాడు. అంతకు నాలుగొందల ఏళ్ల ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అది దేనితోనూ కలవని సముద్రమని, తెడ్లు వేసుకుంటూ పోతే పొడవు 15 రోజులు, వెడల్పు 8 రోజులు పడుతుందని రాసిపెట్టాడు. సముద్రం ఆకారాన్నే తప్పుగా విన్న మనిషి, దాని ఒడ్డున చావుల గురించి సరిగ్గా విన్నాడా? విని ఉండొచ్చు. కానీ ఆ ఒక్క మాట మీద జాతి మొత్తాన్ని నిలబెట్టకు.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై ఏళ్ల వయసులో నల్లమలకి వెళ్లి, చెంచు గూడెంలో రెండు రోజులుండి, కథ రాసేశాను. నిండా తేనెపట్లు, తాళ్లు, కొండచరియలే. అచ్చయ్యాక ఆ పత్రిక పట్టుకుని మళ్లీ వెళ్లాను, మెచ్చుకుంటారని. ఒక పెద్దాయన చదివించుకుని విని, "తేనె తప్ప మేం ఇంకేం మాట్లాడుకోలేదా సారూ, ఆ రెండు రోజులూ?" అన్నాడు. నిజానికి రెండు రోజులూ వాళ్లు మాట్లాడుకుంది రేషన్ బియ్యం గురించి.

కాబట్టి మిగతా ముక్కలు కూడా చూడు. పారశీక చక్రవర్తికి కాస్పీలు, మరో మూడు జాతులు కలిసి ఏటా 200 టాలెంట్ల (టాలెంట్ అంటే ఒక పాత తూకం) వెండి కట్టేవారని హెరొడోటస్ లెక్క. క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి జెర్క్సెస్ గ్రీసు మీదికి దండెత్తినప్పుడు వీళ్లు తోలు కోట్లు తొడుక్కుని, తమ దేశపు రెల్లు విల్లులు పట్టుకుని నడిచారు. తర్వాత ఏలియన్ అనే రోమన్ రచయిత చేపల సంగతి చెప్పాడు. కాస్పీలు మొనదేలిన మూతి ఉన్న పెద్ద పెద్ద చేపల్ని పట్టి, ఉప్పేసి ఎండబెట్టి, ఒంటెల మీద ఎక్‌బటానాకి, అంటే ఇప్పటి ఇరాన్‌లోని హమదాన్‌కి, తోలుకెళ్లి అమ్మేవారట. చేపల పేగులు ఉడికించి జిగురు కూడా చేసేవారట. (ఈ ఏలియన్ ఇటలీ దాటలేదు, జన్మలో ఓడెక్కలేదు. అయినా ఎండుచేపల బేరం గురించి ఎవరైనా పనిగట్టుకుని అబద్ధమెందుకు చెబుతారు?)

అసలైనది ఇంకా చెప్పలేదు. ఈజిప్టులో అస్వాన్ దగ్గర, నైలు నది మధ్య ఎలిఫాంటైన్ అనే లంక ఉంది. అక్కడి పారశీక దండులో పనిచేసిన రకరకాల జాతులవాళ్ల కాగితాలు, అరమాయిక్ భాషలో పాపిరస్ మీద రాసినవి, దొరికాయి. వాటిలో క్రీ.పూ. 437 నాటి ఇంటి క్రయపత్రం ఒకటి. బగజుష్ట అనే కాస్పి సిపాయి, అతని భార్య కలిసి తమ ఇంటిని అననియా అనే యూదుడికి 14 షెకెళ్ల (షెకెల్ కూడా ఒక పాత తూకమే) వెండికి అమ్మారు. మన దస్తావేజుల్లో లాగే చెక్కుబందీ కూడా రాశారు. ఒక వైపు రాజవీధి, దాని అవతల యూదుల గుడి.

రాబందుల్ని పక్కనపెట్టి ఈ ఇంటి ముందు కాసేపు నిలబడు. ఆ సముద్రం నుంచి ఇంత దూరం వచ్చిన జాతివాళ్లు, మొసళ్లున్న నది లంకలో, పొరుగువాడి గుడికి దూరంగా కూడా కాదు, వీధికి అవతలే బతికారు. భార్య అమ్మకానికి ఇష్టంగా ఒప్పుకుందా, ఏడ్చిందా? వాళ్ల పిల్లలకి సముద్రం అంటే ఏమిటో తెలుసా? నీ నవల ఇక్కడ మొదలవ్వాలని నాకనిపిస్తోంది.

బగజుష్ట పేరు విన్నావుగా. ఇరానీ భాషల్లో బగ అంటే దేవుడు, మన 'భగ'కి చుట్టం. జుష్ట మన సంస్కృత 'జుష్ట'మే, ఇష్టమైనవాడని. దేవుడికి ఇష్టుడు. ఆ రెండు భాషల మాటలూ ఇలా నియమం ప్రకారం జత కలుస్తాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కానీ నువ్వు మూడో పేజీలో వాడిన "కశ్యపుడి పేరు మీదే కాస్పియన్" అన్నది కొట్టెయ్. చెవికి ఒకలా వినపడటం తప్ప దానికి వేరే ఆధారం లేదు. వాట్సాప్‌లో తిరిగేదంతా నవల్లోకి రానివ్వకు.

ఇంకొకటి. ఆరో పేజీలో పోటు వచ్చి పడవలు తేలాయన్నావు. కాస్పియన్‌లో చెప్పుకోదగ్గ ఆటుపోట్లు ఉండవమ్మా, గాలే నీటిని ఒడ్డుకి తోస్తుంది. నీళ్లు మన బంగాళాఖాతం అంత ఉప్పగానూ ఉండవు, మహాసముద్రంలో మూడో వంతు ఉప్పే. మట్టం కూడా నిలకడగా ఉండదు. 1929 నుంచి 1977 లోపల సుమారు 3 మీటర్లు దిగింది, తర్వాత మళ్లీ లేచింది, ఇప్పుడు దిగుతోంది. నీ పాత్రల ఊరిని ఇవాళ్టి మ్యాపులో ఒడ్డున పెట్టి గుడిసెలు లెక్కపెట్టకు. తాతకి తెలిసిన ఒడ్డు మనవడికి తెలియకపోవచ్చు. బగజుష్ట ఇంటికి అది పనికొస్తుందేమో చూడు.

ముసలాయన చావుని పారెయ్యమనడం లేదు. ఎలిఫాంటైన్‌లో పొరుగింటివాడెవడో "మీవాళ్లు పెద్దల్ని ఆకలికి మాడ్చి చంపుతారటగా" అని అడిగితే బగజుష్ట ఏమంటాడో రాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కంటికి ఆపరేషనయి నెలే అయింది.

ఆశీస్సులతో,
మాస్టారు